మైనపు బొమ్మల్లో మనిషి దేహం



మైనపు బొమ్మ అనగానే ఈ రోజుల్లో చాలామందికి సినిమా తారలు గుర్తుకు వస్తారు. 2017లో ప్రభాస్ బొమ్మ, 2019లో మహేశ్‌బాబు బొమ్మ తయారైనప్పుడు మన పత్రికలు ఫోటోలతో సహా ఆ సంగతి రాశాయి. ఆ బొమ్మలు చేసే మేడమ్ టుస్సాడ్స్ సంస్థకు ఆ పేరు రావడానికి కారణమైన మేరీ టుస్సాడ్ 1761లో పుట్టింది. ఆవిడకు ఈ విద్య నేర్పిన ఫిలిప్ కర్టియస్ వృత్తికి వైద్యుడు. ఆయన మైనంతో మొదట చేసినవి రాజుల ముఖాలు కావు, మనిషి శరీరంలోని అవయవాలు. ఆ పనితనానికి పేరు వచ్చిన తరువాతే ఆయన పారిస్ చేరి, పేరున్న మనుషుల ముఖాలు చేసి ప్రదర్శనకు పెట్టాడు.

అంటే ఇప్పుడు మనం సరదాగా చూసే ఈ బొమ్మ ఒకప్పుడు వైద్య విద్యార్థికి పాఠ్యపుస్తకం. అలాంటి బొమ్మలు ఎందుకు అవసరమయ్యాయి, ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. దానితోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకుందాం. ఆ బొమ్మ ఎవరిది? డబ్బు పెట్టి చేయించిన ప్రభువుదా? చేతులారా చేసిన కళాకారుడిదా? లేక ఎవరి దేహాన్ని చూసి ఆ బొమ్మ చేశారో ఆ మనిషిదా?

వైద్యం నేర్చుకునేవాడికి మొదటినుంచీ ఒక కష్టం ఉంది. బతికున్న మనిషిని కోసి లోపల ఏముందో చూడలేడు. చనిపోయిన మనిషి దేహం నిలవ ఉండదు. మన సుశ్రుత సంహిత ఈ కష్టానికి ఒక ఉపాయం చెప్పింది. శవాన్ని గడ్డితో, నారతో చుట్టి, బోనులో పెట్టి, నెమ్మదిగా పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచమన్నారు. తరువాత పైకి తీసి, వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనూ కళ్లారా చూడమన్నారు. గ్రంథం చదివితే సగమే, కంటితో చూస్తేనే పూర్తి అన్నది సుశ్రుతుడి అభిప్రాయం.

ఐరోపాలోనూ ఇదే కష్టం. ఇటలీ దేశంలోని బొలోన్యా నగరంలో మొండీనో అనే ఆచార్యుడు 1315లో విద్యార్థుల ఎదుట శవాన్ని కోయించి పాఠం చెప్పాడు. మరుసటి ఏడు ఆ విషయం మీద పుస్తకం రాశాడు. ముందు పొట్ట, తరువాత ఛాతీ, ఆ తరువాత తల, చివరకు కాళ్లూ చేతులూ అని అందులో ఒక వరుస పెట్టాడు. ఏది ముందు కుళ్లుతుందో దాన్ని ముందు చూపించాలి, ఆ వరుసకు కారణం అదే. శీతల గిడ్డంగులు లేవు, ఫార్మలిన్ లేదు. అందుకని శవాన్ని కోసే పాఠాలు చలికాలంలోనే జరిగేవి. ఆ శవాలైనా ఎక్కువగా ఉరితీసిన నేరస్తులవే కాబట్టి, ఏడాదికి ఒకటో రెండో దొరికితే గొప్ప.

1543లో వెసాలియస్ అనే వైద్యుడు గొప్ప బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఎముకలు, కండలు, నరాలు అన్నీ అందులో ఉన్నాయి. కాని కాగితం మీది బొమ్మ చదునుగా ఉంటుంది. గుండె ముందువైపు కనిపిస్తే వెనకవైపు కనిపించదు. చుట్టూ తిరిగి చూడడానికి వీలుండాలి, రంగు ఉండాలి, అన్నిటికీ మించి కుళ్లకుండా ఉండాలి. ఈ మూడూ కుదిరే పదార్థం ఒకటి దొరికింది. అదే తేనెమైనం.

మైనం మనకు కొత్త కాదు. తమిళనాడులోని స్వామిమలైలో స్థపతులు, ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు, ఒడిశాలో ధోక్రా పనివారు ముందు మైనంతోనే బొమ్మ చేస్తారు. దాని చుట్టూ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి బయటకు పోతుంది. ఆ ఖాళీలో లోహం పోస్తారు. అక్కడ మైనం తన పని చేసి వెళ్లిపోతుంది. ఇటలీవారి పద్ధతిలో మైనమే చివరిదాకా ఉండిపోతుంది. దానికి కారణం మైనానికున్న ఒక గుణం. మైనంలోకి వెలుతురు కొంచెం చొచ్చుకుపోతుంది. మన చర్మం మీద పడ్డ వెలుతురు కూడా అంతే. అందుకే రంగు కలిపిన మైనం రాయిలాగానో చెక్కలాగానో కనిపించదు, కండలాగా కనిపిస్తుంది.

ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఈ పనికి ముందే పునాది ఉంది. మనవారు కళ్ల జబ్బు తగ్గితే దేవుడికి వెండి కళ్లు సమర్పించుకుంటారు కదా. అలాగే ఫ్లారెన్స్‌లోని శాంతిస్సిమా అనున్‌జియాతా అనే చర్చిలో భక్తులు మైనపు చేతులు, కాళ్లు, ఏకంగా నిలువెత్తు మైనపు మనుషులనే మొక్కుగా సమర్పించేవారు. ఆ మొక్కుబడి బొమ్మలు చేసి బతికే పనివారు తరతరాలుగా ఆ ఊళ్లో ఉండేవారు. మైనాన్ని మనిషిలాగా కనిపించేలా చేయడం వాళ్లకు కులవిద్య లాంటిది.

చిత్రకారులు కూడా దీన్ని వాడుకున్నారు. లియొనార్డో డావించీ ఎద్దు మెదడులోని గదుల్లోకి కరిగిన మైనం పోసి, గట్టిపడిన తరువాత మెదడు తీసేసి, ఆ గదుల ఆకారం తెలుసుకున్నాడు. చీగోలి అనే చిత్రకారుడు సుమారు 1600 ప్రాంతంలో చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఒకటి మైనంతో చేశాడు. కండల తీరు తెలిస్తే బొమ్మలు బాగా వేయవచ్చునని చేసిన బొమ్మ అది. ఇప్పటికీ ఫ్లారెన్స్‌లో భద్రంగా ఉంది.

వైద్యుడూ కళాకారుడూ ఒకచోట కలిసి పనిచేసిన కథ జూంబోతో మొదలవుతుంది. గయెతానో జూంబో 1656లో సిసిలీ ద్వీపంలోని సిరాక్యూజ్‌లో పుట్టాడు. క్రైస్తవ మతగురువు. ఫ్లారెన్స్ ప్రభువు కొలువులో ఉండి, ప్లేగు వ్యాధికి చనిపోయినవారి దృశ్యాలను చిన్న చిన్న పెట్టెల్లో మైనంతో మలిచాడు. తరువాత జెనోవా నగరంలో దెనూ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడితో కలిశాడు. దెనూ శవాన్ని కోసి చూపిస్తే జూంబో మైనంలో మలిచేవాడు. కొంతకాలానికి ఇద్దరికీ చెడింది. ఈ పని నాదంటే నాదని తగవు పడ్డారు. జూంబో 1701లో పారిస్ వెళ్లి, తాను చేసిన ఒక తలను అక్కడి సైన్సు అకాడమీకి చూపించి మెప్పు పొందాడు. అదే ఏడు చనిపోయాడు.

జూంబో చేసిన మరో తల ఫ్లారెన్స్‌లో ఉంది. ఒక ముసలివాడి తల అది. కొంత చర్మం ఒలిచి ఉంటుంది, కండలు, నరాలు కనిపిస్తాయి. దాని లోపల ఉన్నది నిజమైన మనిషి పుర్రె. పుర్రె మీద మైనం పొరలు పొరలుగా కట్టాడు. పేరు కోసం వైద్యుడు, కళాకారుడు తగవు పడ్డారు సరే. ఆ పుర్రె ఎవరిదన్న మాట ఆ తగవులో ఎక్కడా రాలేదు.

ఇప్పుడు బొలోన్యా నగరానికి మళ్లీ వద్దాం. ఆ ఊరివాడైన లాంబర్తీని పోప్ పదవిలోకి వచ్చి, పద్నాలుగో బెనెడిక్ట్ అనే పేరు తీసుకున్నాడు. తన ఊరి సైన్సు సంస్థలో శరీర నిర్మాణాన్ని నేర్పే బొమ్మల గది ఉండాలని 1742లో ఎర్కోలె లెల్లి అనే శిల్పికి పని అప్పగించాడు. లెల్లి నిజమైన అస్థిపంజరాలను నిలబెట్టి, వాటి మీద మైనంతో కండలు కట్టాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరినవాడు జొవాన్నీ మంజోలీని. చేసిన పనికి తగిన పేరు తనకు రావడం లేదని మంజోలీని కొన్నేళ్లకు బయటికి వచ్చేశాడు. తన ఇంట్లోనే పనిశాల పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనతో సమానంగా పనిచేసినది ఆయన భార్య ఆనా మొరాందీ.

ఆనా 1714లో పుట్టింది. బొమ్మలు వేయడం, శిల్పం చేయడం నేర్చుకుంది. పెళ్లయిన తరువాత భర్త పక్కన కూర్చుని శవాలను కోయడం కూడా నేర్చుకుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక ఇల్లాలు, పిల్లల తల్లి, ఇంట్లో శవాలను కోస్తూ, మైనంలో ఆ అవయవాలను మలుస్తూ, వచ్చిన విద్యార్థులకు పాఠం చెబుతూ ఉండేదంటే మనకు ఆశ్చర్యంగానే ఉంటుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చేయి వంటి ఇంద్రియాల మీద ఆమె ప్రత్యేకంగా పనిచేసింది. కంటి గుడ్డును తిప్పే చిన్న చిన్న కండలను ఒక్కొక్కటిగా విడదీసి, పలకల మీద పేర్చి చూపించింది.

1755లో భర్త చనిపోయాడు. ఇతర నగరాలనుంచి పిలుపులు వచ్చినా ఆమె ఊరు వదలలేదు. బొలోన్యా పెద్దల సభ ఆమెకు కొద్దిపాటి జీతం ఏర్పాటు చేసి, శరీర నిర్మాణం బోధించే హోదా ఇచ్చింది. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1769లో ఆమె పనిని స్వయంగా చూశాడు. అయినా ఆ జీతంతో ఇల్లు గడవలేదు. అదే ఏడు ఆమె తన బొమ్మలను రనూజ్జీ అనే జమీందారుకు అమ్మి, ఆయన భవనంలో ఒక వాటాలో కాపురం పెట్టింది. 1774లో కన్నుమూసింది. రెండేళ్లకు నగర సభ ఆ బొమ్మలను కొని సైన్సు సంస్థలో పెట్టింది. కప్ప కాళ్లతో విద్యుత్తు ప్రయోగాలు చేసి పేరు తెచ్చుకున్న గాల్వానీ అక్కడి ఆచార్యుడే. ఆయన ఆ బొమ్మలను విద్యార్థులకు చూపించి, వాటి గొప్పతనాన్ని మెచ్చుకుంటూ ఉపన్యాసం ఇచ్చాడు.

ఆనా తన బొమ్మను తానే మైనంలో చేసుకుంది. ఇప్పటికీ బొలోన్యాలో చూడవచ్చు. పట్టుబట్టలు కట్టుకుని, మెడలో నగలు పెట్టుకుని, నిండుగా అలంకరించుకున్న స్త్రీ. ఆమె ముందు బల్ల మీద మనిషి తల ఉంది, పుర్రె పై భాగం తీసి ఉంది, లోపల మెదడు కనిపిస్తోంది. చేతులు పనిలో ఉన్నాయి. పక్కనే భర్త బొమ్మ కూడా చేసింది. ఆయన చేతిలో గుండె. మెదడు తన చేతికి, గుండె భర్త చేతికి ఇవ్వడంలో ఆమె ఏమి చెప్పదలచుకుందో వేరే చెప్పనక్కరలేదు. పేరు రాలేదని అలిగిన భర్తకూ, జీతం చాలని తనకూ ఆమె అలా ఒక శాశ్వతమైన చోటు సంపాదించిపెట్టింది. ఆ బల్ల మీద ఉన్న తల మాత్రం ఎవరిదో తెలియదు.

ఈ కళ శిఖరానికి చేరింది ఫ్లారెన్స్‌లో. అక్కడి పాలకుడు పీటర్ లియొపోల్డ్ విజ్ఞానశాస్త్రం ప్రజలందరికీ అందాలన్న ఆలోచన ఉన్నవాడు. ఫెలీచె ఫొంతానా అనే శాస్త్రవేత్త ఆయనతో చెప్పి, 1771లో మైనపు పనిశాల పెట్టించాడు. 1775లో మ్యూజియం జనానికి తెరిచారు. దాన్ని లా స్పెకోలా అంటారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ఉన్నవారు, లేనివారు అందరూ వచ్చి చూడవచ్చు. రాజుల సేకరణలు రాజుల అతిథులకే పరిమితమైన కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఫొంతానా పెట్టుకున్న లక్ష్యం కూడా పెద్దదే. మనిషి దేహమంతా మైనంలో ఉంటే ఇక శవాలతో పనిలేదు. దుర్వాసన లేదు, చలికాలం దాకా ఆగనక్కరలేదు, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి నేర్చుకోవచ్చు. అందుకే ఒక్కొక్క అద్దాల పెట్టెకు దగ్గరగా గోడమీద అదే అవయవపు రంగుల చిత్రం తగిలించి, దానిలో అంకెలు వేశాడు. ఏ అంకె దేనికో వివరించే కాగితాలు పెట్టెకున్న సొరుగులో ఉంటాయి. చెప్పేవాడు లేకపోయినా చూసేవాడు నేర్చుకోగలడు.

పనిశాలలో పని ఇలా నడిచేది. ముందు వైద్యుడు శవంలోని అవయవాన్ని కోసి, శుభ్రం చేసి, సరైన భంగిమలో పెడతాడు. దానిమీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. అచ్చుకు మైనం అంటుకోకుండా గోరువెచ్చని నీటితో తడిపి సబ్బు పూస్తారు. తెల్లగా చేసిన తేనెమైనంలో రోజనం, టర్పెంటైన్, నూరిన రంగులు కలిపి కరిగిస్తారు. పైపొర రంగు ముందు, లోపలి పొర రంగు తరువాత, ఇలా పలుచటి పొరలుగా అచ్చులో పూస్తారు. చల్లారాక ముక్కలను తీసి అతుకుతారు. పెద్ద బొమ్మ లోపల ఇనుప చట్రం పెడతారు. సన్నని రక్తనాళాలను, నరాలను మైనంలో ముంచిన దారాలతో ఒక్కొక్కటిగా పరుస్తారు. చివర వార్నిష్ పూస్తే అవయవం అప్పుడే కోసినట్టు తడిగా మెరుస్తుంది.

ఈ పనివారిలో అందరికన్నా నేర్పరి క్లెమెంతె సూసీని. 1754లో పుట్టిన ఇతడు ఇరవై ఏళ్లు కూడా నిండకముందే పనిశాలలో చేరాడు. అక్కడ ప్రసిద్ధి పొందిన బొమ్మ ఒక యువతిది. జనం దానికి వీనస్ అని పేరు పెట్టారు. పట్టు పరుపు మీద పడుకుని, నిజమైన జుట్టుతో, మెడలో ముత్యాల దండతో నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఛాతీ, పొట్ట భాగం మూతలా తీస్తే లోపలి అవయవాలు పొరలు పొరలుగా బయటికి వస్తాయి. అన్నీ తీశాక అట్టడుగున గర్భసంచి, అందులో చిన్న పిండం కనిపిస్తుంది. ఇంకో బొమ్మలో లింఫ్ నాళాలు దేహమంతా జలతారులా పరుచుకుని ఉంటాయి. పావులో మస్కాగ్నీ అనే వైద్యుడు శవాల నాళాల్లోకి పాదరసం ఎక్కించి కనిపెట్టిన విషయాలు మైనంలోకి ఎక్కాయి.

లా స్పెకోలాలో ఇప్పుడు ఇలాంటి మైనపు ముక్కలు 1400కు పైగా ఉన్నాయి. ఇక్కడ ఒక లెక్క వింటే మనసు ఒక్క క్షణం ఆగిపోతుంది. ఒక్క నిండు మనిషి బొమ్మ పూర్తి కావడానికి 200కు పైగా శవాలు అవసరమయ్యేవని ఆ మ్యూజియం చరిత్ర తెలిసినవారు చెబుతారు. కారణం మొదట చెప్పుకున్నదే. శవం నిలవ ఉండదు. ఒక చేతి నరాలు పూర్తయ్యేలోగా ఆ చేయి పాడైపోతుంది. ఇంకొకటి తెప్పించాలి. సాంతా మరియా నువోవా అనే ఆసుపత్రి నుంచి శవాలు వచ్చేవి. ఆసుపత్రిలో చనిపోయిన బీదవారివి అవి. శవాలతో పనిలేకుండా చేయాలని మొదలుపెట్టిన పని అన్ని శవాలను తీసుకుంది.

ఈ బొమ్మలు చూసి ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తనకూ కావాలన్నాడు. ఆయన లియొపోల్డ్‌కు స్వయానా అన్న. సైన్యంలో సరైన శస్త్రవైద్యులు లేక సైనికులు గాయాలతో చనిపోతున్నారని ఆయన బాధ. ఆ వైద్యులకు నేర్పడానికి 1785లో వియెన్నాలో జోసెఫినుమ్ అనే విద్యాలయం తెరిచాడు. దానికోసం 1192 మైనపు నమూనాలు ఫ్లారెన్స్‌లో తయారుచేయించాడు. వాటిని కంచర గాడిదల మీద ఆల్ప్స్ పర్వతాలు దాటించి తీసుకువెళ్లారు. మైనం ఎండకు మెత్తబడుతుంది, చలికి పగులుతుంది, దెబ్బ తగిలితే విరుగుతుంది. అంత దూరం అవి క్షేమంగా చేరడమే ఒక గొప్ప.

ఈ బొమ్మలన్నిటికీ ఫొంతానా పేరు, ప్రభువుల పేరు మోగాయి. సూసీని పేరు జీతగాళ్ల చిట్టాలో ఉండిపోయింది. అయితే సార్డీనియా ద్వీపంలోని కాల్యారీ నగరం కోసం బోయి అనే వైద్యుడితో కలిసి 1803 నుంచి 1805 దాకా చేసిన బొమ్మల మీద మాత్రం సూసీని తన సంతకం పెట్టి, తేదీ వేశాడు. అప్పటికి అతని వయసు యాభై. ముప్పై ఏళ్లు పనిచేసిన తరువాత కళాకారుడు తన పేరు తాను రాసుకోగలిగాడు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ విద్య ఇటలీ దాటి లండన్‌కు, పారిస్‌కు పాకింది. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో జోసెఫ్ టౌన్ అనే శిల్పి 1826 మొదలుకొని 53 ఏళ్లు పనిచేసి వెయ్యికి పైగా నమూనాలు చేశాడు. గది తలుపు వేసుకుని పనిచేసేవాడు. తన కిటుకులు ఎవరికీ చెప్పలేదు. 1879లో ఆయనతోపాటే అవీ పోయాయి.

పారిస్‌లో పని ఇంకో దారి పట్టింది. సేంట్ లూయీ ఆసుపత్రి చర్మవ్యాధులకు పేరుపొందినది. కాగితపు గుజ్జుతో అచ్చం పండ్లలాంటి బొమ్మలు చేసి అమ్ముకునే జూల్ బరెత్తా అనే పనివాడి నేర్పు చూసి, అక్కడి వైద్యుడొకరు అతణ్ణి ఆసుపత్రికి రప్పించాడు. బరెత్తా శవాల జోలికి పోలేదు. బతికున్న రోగి ముఖం మీదనో చేతిమీదనో ప్లాస్టర్ అచ్చు తీసి, మైనం పోసి, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పుండ్ల రంగులు అద్దేవాడు. 1889లో ఆ ఆసుపత్రిలో మ్యూజియం తెరిచారు. కాలక్రమంలో 4800కు పైగా నమూనాలు అక్కడ చేరాయి.

వాటి విలువ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. మన పెద్దలు పెద్దమ్మవారు అని పిలిచిన మశూచి మన దేశంలో 1975లో చివరిసారి కనిపించింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు భూమి మీదే లేదని ప్రకటించింది. ఇప్పటి యువ డాక్టర్లలో ఎవరూ మశూచి రోగిని చూసి ఉండరు. ఆనాటి మైనపు నమూనాలలో మాత్రం ఆ పొక్కులు రంగూ ఎత్తూ చెదరకుండా ఉన్నాయి. ఇలాంటి నమూనా కింద మామూలుగా ఒక చీటీ ఉంటుంది. జబ్బు పేరు, చూసిన డాక్టరు పేరు, బొమ్మ చేసినవాడి సంతకం ఉంటాయి. రోగి పేరు ఉండదు. ముఖం మాత్రం ఉంటుంది.

1890ల తరువాత ఫార్మలిన్ వాడకం వచ్చింది. శవాలను నెలల తరబడి నిలవ ఉంచడం సాధ్యమైంది. తరువాత రంగుల ఫోటోలు, ప్లాస్టిక్ నమూనాలు, ఇప్పుడు కంప్యూటర్ తెరమీద తిప్పి చూసే బొమ్మలు వచ్చాయి. మైనపు పనిశాలలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పాత బొమ్మలు మ్యూజియం వస్తువులయ్యాయి. లా స్పెకోలా కొన్నేళ్ల మరమ్మతుల తరువాత 2024లో మళ్లీ తెరుచుకుంది.

అయితే మైనం వల్ల శవాల అవసరం ఎప్పుడైనా తీరిందా అంటే, తీరలేదనే చెప్పాలి. చూడడం వేరు, చేత్తో తాకి తెలుసుకోవడం వేరు. కత్తి పట్టాల్సిన చేతికి మైనం చాలదు. ఈ అవసరం ఎంత దారుణానికి దారితీసిందో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో తేలింది. 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి శవాలను ఒక వైద్య పాఠశాల అధ్యాపకుడికి అమ్మారు. ఆ భయంతో ఇంగ్లండు ప్రభుత్వం 1832లో చట్టం చేసింది. ఎవరూ తీసుకుపోని శవాలను వైద్య పాఠశాలలకు ఇవ్వవచ్చునన్నది. హత్యలు ఆగాయి. కాని ఎవరూ తీసుకుపోని శవం అంటే బీదల సత్రంలో చనిపోయినవారిదే.

మన దేశానికి వస్తే, 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో పండిత మధుసూదన గుప్తా కులాచారాన్ని కాదని శవాన్ని కోసి, ఆధునిక వైద్యవిద్యకు దారి తెరిచాడు. స్వాతంత్ర్యం వచ్చాక బొంబాయి రాష్ట్రం 1949లో, మద్రాసు రాష్ట్రం 1951లో, మైసూరు రాష్ట్రం 1957లో శరీర నిర్మాణ బోధనకు సంబంధించిన చట్టాలు చేశాయి. మన శ్రోతల్లో చాలామంది ఉన్న ప్రాంతాలే ఇవి. బంధువులెవరూ రాని శవాలను వైద్య కళాశాలకు ఇచ్చే పద్ధతి ఈ చట్టాలతో స్థిరపడింది. పొట్ట చేత పట్టుకుని పరాయి ఊరికి వచ్చి, ఆసుపత్రిలో ఒంటరిగా చనిపోయినవారిలో ఎందరి దేహాలు ఇలా మన డాక్టర్లకు పాఠాలయ్యాయో ఊహించుకోవచ్చు.

ఫ్లారెన్స్ ఆసుపత్రిలో బీదవాడికీ, మన ఊరి ఆసుపత్రిలో దిక్కులేనివాడికీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. వారిద్దరి సంగతిలో తేడా లేదు. ఇవ్వమని అడిగినవారు లేరు, ఇస్తానని వాళ్లు చెప్పిందీ లేదు.

ఇప్పుడు ఆ తేడా మెల్లగా వస్తోంది. తమ దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని బతికుండగానే రాసిపెట్టేవారు కనిపిస్తున్నారు. మద్రాసులో పుట్టి, హైదరాబాదులో చదువుకున్న మన తెలుగువారు, పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు, కుటుంబసభ్యులు ఆయన దేహాన్ని ఢిల్లీలోని ఎయిమ్స్‌కు అప్పగించారు. అంతిమ సంస్కారాలు మనకు ముఖ్యం. చితికి నిప్పు పెట్టడం కొడుకు ధర్మమని నమ్మేవారిని తప్పుపట్టలేం. అటువంటి ఇంట్లో ఒక మనిషి ఆ నిర్ణయం తీసుకోవడం, మిగిలినవారు దాన్ని మన్నించడం ఎంత కష్టమో మనకు తెలుసు. కష్టమైనా అది వారు తెలిసి ఇచ్చిన దానం.

వైద్య కళాశాలల్లో కూడా మార్పు వచ్చింది. మొదటి సంవత్సరం విద్యార్థులు కత్తి పట్టుకునే ముందు శవం ఎదుట నిలబడి, ఈ దేహాన్ని గౌరవంగా చూస్తామని ప్రమాణం చేస్తారు. ఆ దేహాన్ని తమ మొదటి గురువు అంటారు. ఆ మాట లా స్పెకోలాలోని అద్దాల పెట్టెలకూ వర్తిస్తుంది. ప్రభువు పేరు మ్యూజియం మీద ఉంది. శాస్త్రవేత్త పేరు పుస్తకాల్లో ఉంది. కళాకారుడు ఆలస్యంగానైనా సంతకం పెట్టాడు. మీలో ఎవరైనా ఎప్పుడైనా అలాంటి బొమ్మ ముందు నిలబడితే, పనితనాన్ని మెచ్చుకోండి, తప్పులేదు. ఆ మెరిసే మైనం కింద చీటీ లేని మనిషి ఒకరున్నారని కూడా గుర్తుంచుకోండి.